రాణక్క ఇచ్చిన శ్రుతి

పాత పోస్టాఫీసు వెనక సందుల్లో ఉన్న ఆ చర్చిలో యూత్ అంటే వయసు కాదు, పెళ్ళి కాకపోవడం. పెళ్ళి కుదిరిందంటే, మాట నడుస్తోందన్నా సరే, పందొమ్మిదేళ్ళ పిల్లయినా యూత్ బెంచీల మీంచి లేచి, అవతల స్త్రీల సమాజంలో పెద్దవాళ్ళ మధ్య కూచోవలసిందే. పెళ్ళి కుదరకపోతే తల నెరిసినా యూత్‌లోనే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పెట్టినవాళ్ళు మాత్రం రాణిలాంటి మనిషిని ఊహించి ఉండరు.

రాణికి ముప్పై ఎనిమిదేళ్ళు. తన పక్కన నిలబడి పాడిన స్నేహితురాళ్ళంతా ఒక్కొక్కరే అవతలి బెంచీలకి వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళ కూతుళ్ళు వచ్చి తన పక్కన నిలబడి పాడుతున్నారు. ఆ పిల్లలకి ఆమె రాణక్క. తల్లిదండ్రులకీ రాణక్కే. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పగలంతా పిల్లల పేర్లు పిలిచి లోపలికి పంపించడం ఆమె ఉద్యోగం. సాయంత్రం చర్చికి వచ్చిందంటే ఉద్యోగం, ఇల్లు, వయసు అన్నీ గేటు బయటే ఉండిపోయేవి.

సంబంధాలు రాలేదని కాదు. వచ్చిన రోజుల్లో తండ్రి పైడయ్య మంచాన ఉన్నాడు. పోర్టులో కలాసీ పని చేస్తూ ఓడ లోపల బస్తాల కింద పడి నడుం పోగొట్టుకున్న మనిషి. ఆయన్ని లేపి కూచోబెట్టే చేతులు ఆమెవే. ఆయన పోయేసరికి సంబంధాలు రావడం మానేశాయి. పోతూ పోతూ ఆయన ఒక పాట ఇచ్చాడు. మంచం మీద పడుకుని తనకి తాను కట్టుకున్న పాట.

నీటి మీద నీ అడుగుల సడి
నా గడప దాకా వినబడనీ

అని మొదలవుతుంది. వాయిద్యం ఏదీ ఉండదు. ఉత్త గొంతులే. ఆ పాట కోసమే పక్క సంఘాల వాళ్ళు కూడా ఈ యూత్ క్వయర్‌ని పిలిచేవారు. పాట మొదలయ్యే ముందు రాణి పెదవులు మూసి సన్నగా ఒక శ్రుతి ఇచ్చేది. ముక్కులోంచి వచ్చే చిన్న నాదం. పిల్లలు దాన్ని "రాణక్క తేనెటీగ" అనేవారు. ఆ తేనెటీగ ఎక్కడ వాలితే పిల్లలందరి గొంతులూ అక్కడ వాలేవి. పాట ఆఖర్న "వినబడనీ" అన్న చోట స్వరం మెట్టు మెట్టు ఎక్కి బాగా పైకి పోతుంది. అది అందాలంటే కింద తగిన చోట మొదలుపెట్టాలి. ఆ చోటు ఎక్కడో రాణికి తెలుసు. రాణి ఉండగా ఇంకొకరు తెలుసుకోవలసిన పని పడలేదు.

ఒకసారి వేరే పాట సాధనలో, కీబోర్డు వాయించే జాక్సన్ వేళాకోళానికి శ్రుతి రెండు మెట్లు పైకి ఇచ్చాడు. అక్సా అనే పిల్ల అది తెలియక పాడుకుంటూ పోయింది. ఆఖరి చోట గొంతు చీరుకుపోయి దగ్గొచ్చి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతా నవ్వారు. రాణి మాత్రం నవ్వలేదు. జాక్సన్ చెవి పట్టుకుంది.

"ఏట్రా, ఆటలాడతన్నావా? మెట్టు లేని సోట అడుగేయమన్నట్టురా ఇది. గుంట గొంతు పోతే నువ్వు తెచ్చిత్తావా? ఇంకోపాలి ఇలా సేసినావంటే కీబోర్డు నీ నెత్తిమీద ఎట్టి కొడతాను."

"తప్పయిపోయిందక్కా. వొదిలీ."

జాక్సన్ వాళ్ళది గాజువాక. వాళ్ళ ఇంటివాళ్ళు వేరే సంఘం. ఇక్కడ కీబోర్డుకి మనిషి లేకపోతే యేసుదానం మాస్టారు పిలిపించి పెట్టుకున్నాడు. మాస్టారు క్వయర్‌కి పెద్ద. మంచివాడని పేరు. ఎవరినీ ఒక్క మాట అనడు. అనవలసి వచ్చినప్పుడు పక్కవాళ్ళ చేత అనిపిస్తాడు.

ఆ ఏడాది నగరంలో ఒక మహిళా క్లబ్బు వాళ్ళు గుండె జబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం పెద్ద సంగీత విభావరి పెట్టారు. రుషికొండలో సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో. టిక్కెట్లు కొన్నవాళ్ళకి భోజనం, డ్యాన్సు, పాటలు. ఆఖరి అంశంగా ఈ యూత్ క్వయర్ పాట. క్లబ్బు తరఫున నీలిమ అనే ఆవిడ రిహార్సల్ చూడ్డానికి చర్చికి వచ్చింది. రాణి ముందు నిలబడి తండ్రి పాట పాడింది. అయిపోయాక, "మేడం గారికి టీ తెత్తాను, అక్సా, నువ్వు కూడా రా, గ్లాసులు పట్టుకుందువు," అని ఆ పిల్లని తీసుకుని బయటికి వెళ్ళింది.

ఆమె అలా వెళ్ళగానే ఇక్కడ మాట జరిగింది.

"పాట అద్భుతంగా ఉంది మాస్టారూ," అంది నీలిమ. "హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తాం. పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని చీకట్లో నడిచి వస్తారు. వచ్చినవాళ్ళంతా ఏడవాలి. ఏడిస్తేనే చందాలు. కానీ... ముందు పాడిన ఆవిడ టీచరా?"

"కాదండి. యూత్ మెంబరే."

"యూతా?" ఆవిడకి నవ్వు ఆగలేదు. "పోస్టరు మీద యూత్ క్వయర్ అని వేశామండీ. ఆవిణ్ణి చూస్తే పిల్లల్ని స్కూలు బస్సెక్కించడానికి వచ్చిన ఆయమ్మలా ఉంది. ఏమీ అనుకోకండి. చిన్నపిల్లెవరైనా పాడితే బాగుంటుంది. నేను చెబితే బాగోదు, మీరే ఎలాగో చెప్పండి."

ఫోన్ మోగితే ఆవిడ వరండాలోకి వెళ్ళింది. మాస్టారు పాటల పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతూ కూచున్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే, "నొప్పి కలక్కుండా చూడండ్రా," అన్నాడు.

కీబోర్డు దగ్గర నిలబడ్డ జాక్సన్, చందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చందు బేస్ గొంతు పాడే కుర్రాడు.

"రాణక్కని పొమ్మంటే పోదు బావా," అన్నాడు జాక్సన్. "పెళ్ళయితేనే పోతాది."

"ఆయమ్మనెవడు సేసుకుంటాడ్రా ఇప్పుడు?"

"సేసుకోనక్కర్లేదు. వత్తన్నాడని సెప్తే సాలు. మాట నడుత్తున్నాదంటే యూత్‌లో నిలబడకూడదు కదేటి మీ సంఘంలో? కచేరీ అయ్యాక మనసు మారిందట అని సెప్పీడమే."

చందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఓరి దేవుడా. పాపంరా."

"పాపమేటి? నెల్లాళ్ళు పెళ్ళికూతురులా తిరుగుతాది. ఎవులిత్తారు ఆ సంబరం?"

మాస్టారు పుస్తకం మూశాడు. "నేనేమీ వినలేదు," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

రాణి, అక్సా టీ గ్లాసులతో వచ్చేసరికి చర్చి అంతా ఎప్పటిలాగే ఉంది. రాణి అందరికీ అందించింది. జాక్సన్ గ్లాసులో రెండో చెంచా పంచదార వేసింది, వాడికి తీపి ఇష్టమని.

తరవాతి ఆదివారం ఆరాధన అయ్యాక జాక్సన్ ఆమెను గోడ పక్కకి పిలిచి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. నీలం చొక్కా, ఒత్తయిన మీసం, వెనకాల సముద్రం.

"మా మావయ్యక్కా. పారాదీప్‌లో డ్రెడ్జరు ఓడ మీద పని. అత్తయ్య పోయి ఏడాది కావొచ్చింది. ఈస్టరు నాడు నువ్వు పాడిన వీడియో పంపినాను. ఇంక పొద్దస్తమానం అదే ఇంటన్నాడు. ఆవిడెవరు, పెళ్ళయిందా అని నన్ను కాల్సుకు తింటన్నాడు."

"పో ఎదవా. నీకు ఆటలెక్కువయ్యాయి."

"ఒట్టక్కా. సముద్రం మీద ఫోన్ తగల్దు గానీ లేకపోతే నీతోటే మాటాడించీవాణ్ణి. కచేరీ రోజుకి సెలవెట్టుకుని వత్తాడంట. నిన్ను సూసి, అప్పుడే మాట ఇచ్చీసి ఎల్తాడంట."

ఆమె వాడి వీపు మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోయింది. మర్నాడు కోచింగ్ సెంటర్‌లో ఒకే పిల్లాడి పేరు రెండుసార్లు పిలిచింది. ఆ తరవాతి సాయంత్రం రిహార్సల్లో, "నీ ఫోన్ ఓసారి ఇయ్యిరా, టైము సూడాలి," అంది. గోడ మీద ఇంత గడియారం ఉంది. జాక్సన్ ఫోన్ తెరిచి ఫోటో పెట్టి ఇచ్చాడు.

తల్లి ఆరోగ్యమ్మకి చెబితే ముసలావిడ మంచం మీంచి దిగి గుమ్మం దాకా వచ్చేసింది.

"ఓలమ్మ! సముద్రం మీదుండీ మొగుడా? అంతకంటే మంచి మొగుడేటి కావాలే? ఏడాదిలో ఆర్నెల్లు ఇంట్లో ఉండడు. దెబ్బలాటలుండవు."

"నువ్వూరుకో అమ్మా. ఇంకా ఏటీ అవనేదు."

ఆరోగ్యమ్మ ఊరుకోలేదు. ఆరాధన అయ్యాక కర్ర పొడుచుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. "జాక్సన్ ఏటో సంబంధం అంటన్నాడు బాబూ. నిజమేనా? మనోళ్ళేనా? నువ్వెరుగుదువేటి?"

మాస్టారు ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు. "అంతా దేవుడి చిత్తమమ్మా," అన్నాడు. ఆ మాటలో అవునూ లేదు, కాదూ లేదు. ముసలావిడ అవునన్నట్టే విని ఇంటికి వెళ్ళి ప్రార్థన పెట్టించింది.

ఇంక మిగిలింది ఒక్కటే. యూత్‌లోంచి దిగడం.

"మావయ్య పద్ధతి గల మనిషక్కా," అన్నాడు జాక్సన్. "తను వచ్చీ నాటికి నువ్వింకా యూత్‌లో నిలబడి పాడతంటే, ఈవిడికి ఇట్టం లేదేమో అనుకుంటాడు."

రాణికి చిక్కు అక్కడే వచ్చింది. తండ్రి పాట ఇంతవరకు చావు ఇళ్ళలో, ఈస్టరు ముందు శ్రమదినాల్లో, సమాధుల తోటలో పాడింది. అంత పెద్ద హాల్లో, అంతమంది ముందు, దాన్ని ఇంతవరకు ఎవరూ వినలేదు. దిగిపోతే పాట ఇంకొకరిది. దిగకపోతే ఆ నీలం చొక్కా మనిషి వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోతాడు. ఇంకోసారి ఎవరూ రారు. ఆ వారం ఆమె రెండింటి మధ్యా ఉడికిపోయింది. స్టౌ మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది. ఆఖరికి ఒక సాయంత్రం అక్సాని ఇంటికి పిలిచి, తన తెల్లటి క్వయర్ గౌను ఆ పిల్లకి తొడిగి, కింద నాలుగు వేళ్ళ మేర మడిచి గుండుసూదులు పెట్టింది.

"ఇదెందుకక్కా నాకు?"

"కదలకే, గుచ్చుకుంటాది. నాన్న పాట నువ్వే పాడాల."

కత్తెర తనే వేసింది. కింద తెగిన గుడ్డ పీలికలు చేతి రుమాలులా మడిచి బీరువాలో పెట్టుకుంది.

యూత్ వాళ్ళు వీడ్కోలు కూడా చేశారు. పెళ్ళి కుదిరిన ప్రతి పిల్లకీ చేసేదే. నడుమ కుర్చీ వేసి కూచోబెట్టి, మెడలో దండ వేసి, గోడ గడియారం బహుమానంగా ఇచ్చి, చుట్టూ నిలబడి పాడారు. పాట మధ్యలో చందుకి దగ్గు తెర వచ్చి బయటికి పరిగెత్తాడు. అక్సా రాణి భుజం మీద మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు పక్కన లేకుండా నాను పాడలేనక్కా." అవతల స్త్రీల సమాజంలో నవ్వులే నవ్వులు. "రాయే పెళ్ళికూతురా! ఇన్నాళ్ళూ మా పిల్లలతో ఆడుకున్నావు. ఇంక మాతో రా, మోకాళ్ళ నొప్పుల గురించి మాటాడుకుందాం." రాణి సిగ్గుతో ఆ బెంచీ మీద కూచుంది. అక్కడ కూచోవడానికి ఎంత ఎదురు చూసిందో కూచున్నాకే ఆమెకి తెలిసింది.

రిహార్సళ్ళకి మాత్రం మానలేదు. వెనక బెంచీలో కూచునేది. శ్రుతి అక్కణ్ణించే ఇచ్చేది. ఎవరూ వద్దనలేదు. ఆ పాటలో కీబోర్డు మోగితే నీలిమ గారికి నచ్చదు. చీకట్లో ఎక్కణ్ణించో తేనెటీగలా వచ్చే నాదమే ఆవిడకి కావాలి.

"ఆ రోజు నువ్వు ముందు వరసలో కూసోవాలక్కా," అన్నాడు జాక్సన్. "శ్రుతి నువ్విచ్చీయాల. నీ పక్కన కుర్చీ కూడా పట్టించినాను. మావయ్య స్టేషన్నుంచి సరాసరి అక్కడికే వత్తాడు."

కచేరీ రోజు రాణి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. తల్లి కట్టించింది. హోటల్ హాల్లో చలి. గుండ్రటి బల్లల చుట్టూ డబ్బున్నవాళ్ళు, ముందు రెండు వరసల కుర్చీలు. పళ్ళేల్లో చిన్న చిన్న తినుబండారాలు పట్టుకుని తిరిగే వెయిటర్లు ఆమె దగ్గర ఆగలేదు. నీలిమ ఒకసారి వచ్చి, "మీరు పిల్లలతో వచ్చినవాళ్ళు కదూ? ఇవి దాతల సీట్లమ్మా," అంది. జాక్సన్ పరిగెత్తుకొచ్చి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది.

రాణి పక్క కుర్చీ మీద తన బేగ్ పెట్టింది.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?" అని ఒకావిడ అడిగింది.

"మావాళ్ళొత్తారండి."

ఇంకొకాయన అడిగాడు. "మావాళ్ళొత్తారండి," అంది మళ్ళీ. మూడోవాళ్ళు అడిగితే బాగుణ్ణనిపించింది. ఆ మాట నోట్లో పటికబెల్లంలా ఉంది. పటికబెల్లం బేగ్‌లో కూడా ఉంది, మిరియాలతో కలిపి పొట్లం కట్టినది, అక్సా గొంతుకోసం.

డ్యాన్సులు అయ్యాయి. గుండె ఆపరేషన్ అయిన పిల్లాణ్ణి వేదిక మీదికి తెచ్చి చొక్కా గుండీలు విప్పి కుట్లు చూపించారు. చప్పట్లు కొట్టారు. అప్పుడు పక్క తలుపులోంచి ఆయన వచ్చాడు.

మీసం చూసి పోల్చుకుంది. ఫోటోలో కంటే కొంచెం లావు. రాణి లేచి నిలబడింది. చేతులు ఏం చెయ్యాలో తెలియక బేగ్ తీసి గుండెలకి పట్టుకుంది. ఆయన కుర్చీలు వెతుక్కుంటూ ఇటే వస్తున్నాడు. ఆయన వెనక ఒక ఆడమనిషి, చంకలో పిల్ల.

"రండి," అంది రాణి. "మీ కోసమే పట్టి ఉంచినాను."

ఆయన వెనక్కి చూశాడు, ఎవరినో అంటోందనుకుని. "నన్నేనాండీ? ఎవరమ్మా మీరు?"

"నాను... రాణినండి. జాక్సన్ సెప్పలేదేటి? పాట..."

"ఓహో! మా జాక్సన్‌గాడి మేస్టరమ్మా మీరు?" ఆయన మొహం విప్పారింది. నమస్కారం పెట్టాడు. "వాడు పాడతన్నాడు, పెద్ద హోటల్లో కచేరీ అని మా అక్క ఫోన్ మీద ఫోన్. వాడికి తెలీకుండా సంబరపెడదామని పారాదీప్ నుంచి అందరం దిగీసినాం. పాడీ గుంటడి తాలూకాలమంటే పక్క తలుపులోంచి వదిలినారు." వెనక్కి తిరిగి, "ఏయ్, నువ్వు కూసోయే, పిల్లతోటి ఎంతసేపు నిలబడతావు? అమ్మగారు సీటిచ్చారు," అన్నాడు.

ఆవిడ ఆ కుర్చీలో కూచుంది. పిల్లని ఒళ్ళో సర్దుకుంది. ఆయన వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. రాణి కూడా కూచుంది.

"మంచోరండి మీరు," అంది ఆవిడ. "స్టేషన్నుంచి బస్సులో నిలబడే వచ్చినాం. మీ పిల్లలు కూడా పాడతన్నారేటండి?"

"లేదు."

"పెద్దోళ్ళయిపోయుంటారు."

రాణి వేదిక వైపు చూసింది. తెర పక్కన గౌన్లు వేసుకుని పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. జాక్సన్ తొంగి చూశాడు. గోడ దగ్గర తన మావయ్యని చూశాడు, కుర్చీలో అత్తని చూశాడు, ఆ పక్కన రాణిని చూశాడు. వాడి మొహంలో రక్తం లేదు. వాడి వెనక నుంచి చందు తొంగి చూసి, పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్టారు ఆ ఇద్దర్నీ వెనక్కి లాగి, తను కూడా ఆమె కళ్ళలో పడకుండా అటు తిరిగిపోయాడు.

అంతే. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వీడ్కోలు నాటి దగ్గు తెర, దేవుడి చిత్తం, సముద్రం మీద తగలని ఫోన్, తను టీ తేవడానికి వెళ్ళిన సాయంత్రం, అన్నీ వచ్చి వరసగా కూచున్నాయి. అందరికీ తెలుసు అనుకుంది రాణి. ఆ గౌన్లు వేసుకున్న ప్రతి పిల్లకీ తెలుసు. దండ వేసినప్పుడు తెలుసు. తను ముడులు విప్పి, జడలు వేసి, గొంతుకి కషాయాలు కాచి పోసిన ప్రతి పిల్లకీ తెలుసు. ఇంక తిరిగి వెళ్ళడానికి యూత్ బెంచీ లేదు. స్త్రీల సమాజంలో కూచోవడానికి పెళ్ళి లేదు. పాట కూడా లేదు. దాన్ని తన చేత్తోనే కత్తిరించి ఇచ్చేసింది.

లైట్లు ఆరిపోయాయి.

కొవ్వొత్తులు ఒక్కొక్కటే చీకట్లోంచి నడిచి వచ్చాయి. హాలంతా "ఆ..." అని, తరవాత నిశ్శబ్దమైపోయింది. అన్నిటికంటే ముందున్న కొవ్వొత్తి అక్సాది. తెల్లటి గౌను, నాలుగు వేళ్ళ మేర మడిచినది. ఆ పిల్ల కళ్ళు ముందు వరసలో వెతికాయి. రాణి మీద ఆగాయి. ఆగి నవ్వాయి.

వాళ్ళు శ్రుతి కోసం చూస్తున్నారు.

ఇవ్వకపోతే ఏమవుతుందో రాణికి తెలుసు. ఏమీ అవదు. కాసేపు చూసి చందు తన బేస్ గొంతులో ఎక్కడో కింద అందుకుంటాడు, పాట అయిపోతుంది, జనం చప్పట్లు కొడతారు. ఊరుకుంటే చాలదు.

ఆమె పెదవులు మూసింది. తండ్రి మంచం పక్కన కూచుని నేర్చుకున్న చోటు ఆమె గొంతులో సిద్ధంగానే ఉంది. దాన్ని వదిలేసి రెండు మెట్లు పైకి ఎక్కింది. ఒక్క క్షణం ఆగి, ఇంకో మెట్టు ఎక్కింది. అక్కణ్ణించి వదిలింది తేనెటీగని.

పక్కనున్న ఆవిడ ఆశ్చర్యంగా ఆమె మొహంలోకి చూసింది. పిల్లలు ఎవరూ అనుమానపడలేదు. ఎన్నడూ పడింది లేదు. అన్ని గొంతులూ వచ్చి అక్కడే వాలాయి.

మొదటి చరణం మెరిసిపోయింది. పై శ్రుతిలో అక్సా గొంతు గాజులా ఉంది. జనం ఫోన్లు పైకెత్తారు. నీలిమ కళ్ళు తుడుచుకుంది. రెండో చరణానికి అక్సా మెడనరాలు కొవ్వొత్తి వెలుగులో కనిపించాయి. ఆ పిల్ల తెలుసుకుంది. తెలుసుకుని రాణి వైపు చూసింది, ఏం చెయ్యమంటావు అన్నట్టు. రాణి కొంచెం ముందుకి వంగి, రిహార్సల్లో ఎప్పుడూ చేసేటట్టే, అరచెయ్యి పైకి లేపింది. ఎక్కు. భయం లేదు, ఎక్కు.

అక్సా ఎక్కింది. "వినబడనీ" అన్న చోట గొంతు రెండుగా చీలింది. ముందు ఒక కీచు, తరవాత ఉత్త గాలి. వెనక పిల్లలు తలా ఒక చోట ఆగిపోయారు. ఒకరిద్దరు ఇంకా పాడుతున్నారు, దాంతో మరీ వికారంగా ఉంది. అక్సా మళ్ళీ అందుకోబోయింది. మళ్ళీ అదే కీచు. చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కావిడ ఒళ్ళోని పిల్ల ఆ కీచుని అలాగే చేసి చూపించి చప్పట్లు కొట్టింది. ఈసారి బల్లల దగ్గర బాహాటంగానే నవ్వారు.

"పాపం గుంట," అంది ఆవిడ పిల్ల నోరు మూస్తూ.

"అవును," అంది రాణి. "పాపం."

కొవ్వొత్తి కింద పడి ఆరిపోయింది. లైట్లు వేశారు. నీలిమ మైకు దగ్గరికి పరిగెత్తి, చిన్నపిల్లలు కదా, పెద్ద మనసుతో ఇంకోసారి చప్పట్లు అంది. చప్పట్లు కొట్టారు. రాణి కూడా కొట్టింది. లేచి, బేగ్ భుజానికి తగిలించుకుని, "వత్తానండి, మీ ఆయన్ని ఈ సీట్లో కూసోమనండి," అని చెప్పి పక్క తలుపులోంచి నడిచింది.

వేదిక వెనక సందులో, ఖాళీ అట్టపెట్టెల మీద అక్సా ముడుచుకుని కూచుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. గొంతు చీరుకుపోయిన పిల్ల పక్కన నిలబడడానికి ఎవరికీ మనసొప్పలేదు. రాణిని చూడగానే లేచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసేసింది.

"అక్కా, పాడు సేసీసినానక్కా. నాన్నగారి పాట పాడు సేసీసినాను."

రాణి చెయ్యి అలవాటుగా ఆ పిల్ల తల మీదికి పోయింది.

"బావగారు ఇన్నారేటి? వచ్చీసారా? సీకట్లో నీ పక్కన ఎవలో కూసున్నట్టుంది గాని కనబడనేదు. ఇప్పుడేటనుకుంటారక్కా ఆయన? రాణక్క నేర్పిన పాట ఇదా అనుకోరేటి?" ఆ పిల్ల ఎక్కిళ్ళ మధ్య ఊపిరి పీల్చుకుంది. గొంతు జీరపోయి మాట సగమే వస్తోంది. "నీ పెళ్ళిలో ఈ పాటే పాడదామని ఎవరికీ సెప్పకండా రోజూ సాధన సేసుకున్నానక్కా. అందుకే నువ్వు ఎలిపోతన్నా ఓర్సుకున్నాను. మరింక ఎలా పాడతాను?"

రాణి చెయ్యి ఇంకా ఆ పిల్ల జుట్టు నిమురుతోంది. అది ఆగిపోయింది. టీ తేవడానికి వెళ్ళిన ఆ సాయంత్రం తన వెనకే గ్లాసులు పట్టుకుని నడిచిన పిల్ల. బడ్డీ దగ్గర టీ చల్లారకుండా మూత పెట్టమని తనకి చెప్పిన పిల్ల.

అవతల హాల్లో ప్లేట్ల చప్పుడు మొదలైంది. భోజనాలకి లేస్తున్నారు. ఎవరో ఆ కీచుని ఫోన్లో పెట్టుకుని మళ్ళీ వింటున్నారు.

"అక్కా." అక్సా తలెత్తింది. కాటుక చెంపల మీదికి కారిపోయి ఉంది. "మొదటే కొంచెం పైకి అనిపించిందక్కా నాకు. శ్రుతి. నాకేనా అలా అనిపించింది?"

ఆ పిల్ల సమాధానం కోసం చూస్తోంది. పదేళ్ళుగా ప్రతి సందేహానికీ అలాగే చూసింది.

రాణి బేగ్‌లోంచి పొట్లం తీసింది. విప్పి, పటికబెల్లం పలుకు ఒకటి తీసి ఆ పిల్ల నోట్లో పెట్టింది.

"నీకే," అంది. "నానిచ్చింది సరిగ్గానే ఉంది. నీ గొంతే సాల్లేదు."

అక్సా పటికబెల్లం చప్పరిస్తూ తలూపింది. నమ్మింది.